ఆయన వచ్చారని చెప్పలేదు

ఎవరికీ చెప్పని మాట ఒకటి నా లోపల ఉంది. దాన్ని మోస్తూనే పెళ్ళి చేసుకున్నాను. పిల్లల్ని కన్నాను. కాలేజీలో పాఠాలు చెప్పాను, పేరంటాలకూ పరామర్శలకూ వెళ్ళాను, ఫొటోల్లో నవ్వాను. మోయగా మోయగా ఏ బరువైనా అలవాటైపోతుందంటారు. నిజం కాదు. మోసే చెయ్యి తిమ్మిరెక్కుతుంది, అంతే. బరువు ఎక్కడిదక్కడే ఉంటుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళయితే నన్ను వెనకేసుకు రావడానికి ఏదో ఒకటి వెతుకుతారు. అప్పుడు నువ్వు చిన్నదానివి కదా అంటారు. చిన్నదాన్ని కాదు. అప్పటికి ఎమ్మే చదువుతున్నాను. ఏం చేస్తున్నానో నాకు తెలుసు.

నేను అన్యాయం చేసింది మా వదినకి.

మాది చల్లపల్లి దగ్గర ఒక పల్లె. వ్యవసాయం. నాన్న నా చిన్నప్పుడే పోతే అన్నయ్యే పొలం చూసుకునేవాడు. వదిన పేరు శారద అనుకోండి, అసలు పేరు అది కాదు. పెళ్ళయిన కొన్నేళ్ళకే అన్నయ్య పొలంలో మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టి పోయాడు. పిల్లల్లేరు. ఆ దిగులుతోనే అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. పుట్టింటివాళ్ళు వదినని తీసుకెళ్తామని వచ్చారు. వదిన వెళ్ళలేదు. అత్తయ్యని ఇలా మంచంలో వదిలేసి ఎలా వస్తానంది. పొలం కౌలుకిచ్చి, చల్లపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరింది. పొద్దున్నే అమ్మకి ఒళ్ళు తుడిచి, తినిపించి, పక్కింటి రత్తమ్మగారికి అప్పజెప్పి బస్సెక్కేది. సాయంత్రం దిగి మళ్ళీ మొదలుపెట్టేది. నేను విజయవాడలో హాస్టల్లో ఉండేదాన్ని. శనివారం ఇంటికొస్తే నాకిష్టమని గోంగూర వండేది. నేను తినేదాన్ని. తిని పడుకునేదాన్ని. అమ్మకి పక్క మార్చడం కూడా నాకు సరిగ్గా వచ్చేది కాదు. నేర్చుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే వదిన ఉంది.

ఆ రోజుల్లోనే మా గేదె ఈనలేక అవస్థ పడితే చల్లపల్లి నుంచి పశువుల డాక్టరు వచ్చారు. మాధవరావుగారు అందాం. ముప్పై దాటిన మనిషి. పెళ్ళి కాలేదు. దూడ బతికింది గానీ గేదెకి జ్వరం పట్టుకుంది. దాన్ని చూడటానికి వారం పది రోజులు వస్తూ పోతూ ఉన్నారు. తర్వాత గేదె బాగైంది. ఆయన రావడం మానలేదు. ఏదో ఒక టానిక్ ఇచ్చే వంక పెట్టుకుని వచ్చేవారు. వసారాలో కుర్చీ వేసేవాళ్ళం. వదిన గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడేది. ఎప్పుడూ కూర్చోలేదు.

ఆయనకి పాత ఇంగ్లీషు సినిమాలంటే పిచ్చి. చదువుకునే రోజుల్లో విజయవాడలో ఆదివారం పొద్దుటి ఆటలన్నీ చూసేవారట. ఒక సినిమా కథ వదినకి విడతలు విడతలుగా చెప్పారు. బాగా పాతది, నలుపు తెలుపు. అమెరికాలో ఇంకా బానిసల్ని కొనుక్కుంటూ అమ్ముకుంటూ ఉన్న కాలం, దాని మీద వాళ్ళలో వాళ్ళు యుద్ధం చేసుకోకముందు జరిగే కథ. పెద్ద పత్తి ఎస్టేటు. ఆ ఎస్టేటు దొర కూతురు మహా పొగరుబోతు. ఆమె ప్రేమించినవాడు, ఉత్తరాదికి వెళ్ళిపోతున్నాను, నువ్వూ వస్తానంటే ఫలానా రోజు పడవల రేవుకి రా అంటాడు. ఆమెకి వెళ్ళాలనే ఉంటుంది. కానీ నా కోసం ఇంటికొచ్చి బతిమాలితే గానీ కదలనని అద్దం ముందు కూర్చుంటుంది. ఆవిరి పడవ కూత వేసి వెళ్ళిపోతుంది. అంతవరకు చెప్పి ఆయన ఆపేశారు.

"తర్వాతేమైంది డాక్టరుగారూ?" అంది వదిన.

"అది చెప్తే ఏముందండీ. మీరే చూడాలి."

ఇంకోసారి ఆయన ఇలా అన్నారు. నేను లోపల మంచం మీద పుస్తకం పట్టుకుని వింటున్నాను. "కథంతా ఆ అమ్మాయి చుట్టూనే నడుస్తుందండీ. నా చూపు మాత్రం ఎప్పుడూ వెనకాల తలుపు దగ్గర నిలబడి ఉండే నల్లావిడ మీదకే పోయేది. ఆ పిల్లకి గౌను తొడుగుతుంది, జడ వేస్తుంది, దీపం పట్టుకుంటుంది. ఆవిడకేం కావాలో సినిమా మొత్తంలో ఒక్కరూ అడగరు."

వదిన గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అప్పుడు నాకది ఉత్త సినిమా కబురులాగే వినిపించింది.

నాకు సంబంధం కుదిరింది ఆ వేసవిలోనే. విజయవాడలో స్థిరపడ్డ కుటుంబం. చదువుకున్నవాళ్ళు. అబ్బాయి లెక్చరర్. నాకు బాగా నచ్చాడు. పెళ్ళిచూపుల్లో కాబోయే అత్తగారు ఒక మాట అడిగారు. "నువ్వొచ్చేస్తే మీ అమ్మగారిని ఎవరు చూసుకుంటారమ్మా?" నేను తడుముకోకుండా చెప్పాను. మా వదిన ఉందండీ అని. ఆవిడ సంతోషించారు. అలాంటి కోడలు దొరకడం మీ అమ్మ అదృష్టం అన్నారు. నేను గర్వంగా తలూపాను. ఏదో నా వస్తువుని మెచ్చుకున్నట్టు.

ఒక నెల గడిచాక డాక్టరుగారికి అనంతపురం వైపు ట్రాన్స్‌ఫర్ అయింది. వెళ్ళేముందు మా ఇంటికొచ్చారు. నేనూ ఉన్నాను. వచ్చే ఆదివారం విజయవాడలో ఫిల్మ్ సొసైటీవాళ్ళు ఆ సినిమా వేస్తున్నారని చెప్పారు. వదిన వంక చూడకుండా, చేతిలో స్కూటరు తాళంచెవి తిప్పుతూ చెప్పారు.

"మీరు వస్తే... మీరు రావడమే నాకు జవాబు అనుకుంటానండీ. ఆ తర్వాత నేనే వచ్చి అత్తయ్యగారిని అడుగుతాను. రాకపోతే ఇంక ఇబ్బంది పెట్టను."

వదిన మొహం నేను చూశాను. అన్నయ్య పోయాక ఆ మొహంలో అంత నెత్తురు చూడటం అదే మొదలు. "అమ్మాయి శనివారం వస్తుంది కదా. తనతో కలిసి పొద్దున బస్సుకి వస్తాను" అంది. ఎంత మామూలుగా అందంటే, ఆ మాటని ఎన్నాళ్ళ నుంచో సిద్ధం చేసుకుని ఉంచుకుందనిపించింది.

ఆ వారమంతా నేను హాస్టల్లో ఏం ఆలోచించానో మీకు దాచకుండా చెప్పాలి. వదిన సుఖం గురించి ఆలోచించలేదు. వదిన వెళ్ళిపోతే అమ్మ నా మీద పడుతుందని ఆలోచించాను. పెళ్ళి ఆగిపోతుందేమోనని ఆలోచించాను. ఆయనది మా కులం కాదు. ముండమోసిన కోడలు వేరే కులంవాడితో లేచిపోయిందట అని ఊళ్ళో అంటారు, అది విజయవాడ దాకా వస్తుంది, అత్తగారి చెవిన పడుతుంది, అనుకున్నాను. ఆ మాట నిజంగా ఎవరైనా అనేవారో లేదో నాకు తెలియదు. ఎవరూ అనకముందే నేనే అనేసుకున్నాను. నా మనసులో ఉన్న మాటనే ఊరి నోట్లో పెట్టానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

శనివారం సాయంత్రం బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి వదిన మంగళగిరి చీర ఒకటి ఇస్త్రీ చేసి దండెం మీద వేసి ఉంచింది. ఆకుపచ్చది, సన్నటి జరీ అంచు. రత్తమ్మగారికి రేపటి సంగతి చెప్పి ఒప్పించి ఉంచింది. అమ్మకి వెళ్తున్నట్టు చెప్పింది కూడానట. అమ్మ వచ్చీరాని మాటతో వెళ్ళిరమ్మందట. అది కూడా విన్నాక నేను నోరు విప్పాను.

"డాక్టరుగారు నిన్ననే వెళ్ళిపోయారంట వదినా. అర్జెంటుగా జాయినవ్వమన్నారంట. చల్లపల్లిలో దిగినప్పుడు వాళ్ళ ఆసుపత్రి దగ్గర చెప్పారు."

వదిన దండెం మీది చీర అంచు పట్టుకుంది. "నాకేమైనా చెప్పమన్నారా?"

"లేదు వదినా. నేనూ అడిగాను. ఏమీ చెప్పలేదంట."

ఆ 'నేనూ అడిగాను' ఎందుకు కలిపానో చూడండి. ఎవరూ అడగని అబద్ధం. గోడ కట్టాక దానికి సున్నం కూడా వేశాను.

వదిన చీర మడతపెట్టి పెట్టెలో పెట్టింది. అమ్మకి అన్నం కలపడానికి వెళ్ళింది. ఏడవలేదు. విధవరాలు ఒక డాక్టరు గురించి ఆసుపత్రికి వెళ్ళి ఆరా తీసే వీలు లేదని నాకు తెలుసు. అదే నా ధైర్యం.

మర్నాడు పరీక్షల చదువు ఉందని చెప్పి పొద్దున్నే బస్సెక్కాను. వెళ్ళకపోతే ఆయన మా ఇంటికే వచ్చేస్తారని భయం. ఉయ్యూరు దాటేదాకా వెనక్కి వెళ్ళిపోదామా అనే అనుకున్నాను. దిగలేదు. గాంధీనగర్‌లో ఆ సినిమా వేసే హాలు గేటు దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. తెల్ల చొక్కా వేసుకున్నారు, కొత్తది. నన్ను చూసి నవ్వారు. నా వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని చూశారు. మళ్ళీ నా మొహం చూశారు.

"మీ వదినగారు..."

"రానన్నారండీ."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నారు. ఇష్టం లేదన్నారు. మీ ముందు కాదనలేక అలా అన్నారంట. ఇంక ఇంటికి రావద్దన్నారు. ఉత్తరాలు కూడా రాయొద్దన్నారు."

ఆయన చేతిలో టికెట్ల వంక చూసుకున్నారు. జనం పక్కనుంచి లోపలికి వెళ్తున్నారు. "అమ్మగారి గురించే అయితే, నేనూ ఆలోచించానండీ. ఆవిణ్ణి కూడా మాతోనే..." అంటున్నారు.

"అదేం కాదండీ" అన్నాను. ఆయన్ని ఆ వాక్యం పూర్తి చేయనివ్వలేదు. పూర్తి చేస్తే నా భయానికి ఉన్న ఒక్క ఆధారమూ పోయేది. ఇంక మిగిలేది నా పరువు ఒక్కటే. దానికోసం ఇదంతా చేస్తున్నానని నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చేది.

"చెప్పినందుకు థాంక్సండీ. మీకూ ఇబ్బందే కదా ఇది" అన్నారు. చేతిలో ఉన్న టికెట్లు నాకిచ్చేశారు. మీరైనా చూసి వెళ్ళండి అన్నారు. రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

నేను లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. బయట ఆయన ఇంకా ఉంటారేమో, వెనక్కి వచ్చి మళ్ళీ అడుగుతారేమో, అడిగితే నిజం చెప్పేస్తానేమో అని కావచ్చు. పక్క సీటు ఖాళీ. తెర మీద తెల్లటి గౌన్లు తిరిగాయి, గుర్రపుబళ్ళు వచ్చాయి, పడవ కూత వేసింది. సగంలో లేచి వచ్చేశాను. కాలవ ఒడ్డున నడుచుకుంటూ హాస్టల్‌కి పోయి అన్నం తిన్నాను. తినగలిగాను. అది కూడా చెప్పాలి కదా.

తర్వాతవన్నీ సజావుగా జరిగాయి. నా పెళ్ళి ఘనంగా జరిగింది. వదిన పీటల దగ్గరకి రాకుండా వంటల దగ్గర నిలబడింది. ఎవరూ రావద్దనలేదు. ఎవరూ రమ్మనీ అనలేదు. నేను విజయవాడ వచ్చేశాను. వదిన అక్కడే ఉండి అమ్మని పదేళ్ళకు పైగా చూసుకుంది. ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు. అమ్మ పోయాక, ఒక్కదానివే ఎందుకని మేమే తీసుకొచ్చుకున్నాం. తీసుకొచ్చుకున్నాం అంటే దయలా వినిపిస్తుంది. నాకు ఉద్యోగం, చిన్నపిల్లలు. మా పిల్లల్ని పెంచింది వదినే. వాళ్ళు నాకంటే ఆవిడకే చేరువ. మా చుట్టాల్లో అందరూ అంటారు, ఆడపడుచంటే అలా ఉండాలి, విధవ వదినని కడుపులో పెట్టుకుని చూసుకుంటోందని. ఆ మాట విన్నప్పుడల్లా తలొంచుకుంటాను. వినయం అనుకుంటారు.

ఒకసారి మంగళగిరిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. వదిన రాలేదు. భోజనాల దగ్గర నెరిసిన జుట్టు మనిషి ఒకాయన నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చారు. మాధవరావుగారు. పెళ్ళయింది, పిల్లలున్నారు. భార్యని చూపించారు, దూరంగా ఎవరితోనో మాట్లాడుతున్నారు ఆవిడ. కుశలప్రశ్నలయ్యాక గొంతు తగ్గించారు.

"మీ వదినగారు బాగున్నారాండీ? అప్పట్లో నేను కాస్త తొందరపడ్డాను. ఆవిడ ఉన్న పరిస్థితిలో అలా అడగకుండా ఉండాల్సింది. ఎంత నొచ్చుకున్నారో ఏమో. నన్ను క్షమించమన్నానని చెప్తారా?"

"చెప్తానండీ" అన్నాను.

చెప్పలేదు. ఎలా చెప్పను? ఆ క్షమాపణ ఆవిడకి అందిస్తే దాని వెంట మొత్తం కథ రావాలి. ఆయన ఇన్నేళ్ళూ తనదే తప్పనుకున్నారు. నా తప్పుని ఆయన మోశారు. నేను చూస్తూ నిలబడి, భోజనం చేసి, తాంబూలం తీసుకుని వచ్చేశాను.

ఇదంతా ఒక ఎత్తు. ఇప్పుడు చెప్పబోయేది ఒక ఎత్తు.

కిందటేడు ఒక మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి తొందరగా వచ్చేసరికి వదిన హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. మా అమ్మాయిని అడిగి పెట్టించుకుందట. ఆ సినిమా. పేరు ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకుంది. మా అమ్మాయి క్షణంలో వెతికి పెట్టి బయటికి వెళ్ళిపోయింది. "రా, కూర్చో" అంది వదిన. కూర్చున్నాను. ఆ ఖాళీ సీటు పక్కన కూర్చున్నట్టే ఉంది, ఈసారి మాత్రం ఆ సీట్లో మనిషి ఉంది.

వదినకి ఇంగ్లీషు కొంత అర్థమవుతుంది. కళ్ళజోడు సర్దుకుంటూ చూసింది. ఆ దొరకూతురు అద్దం ముందు కూర్చున్న చోట, వెనకాల దీపం పట్టుకుని నిలబడ్డ నల్లావిణ్ణి వేలితో చూపించింది. "ఈవిణ్ణే చెప్పారు డాక్టరుగారు" అంది. ఆ పేరు మా ఇంట్లో వినపడటం అన్నేళ్ళలో అదే మొదలు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన ఆ రోజు ఎవరి గురించి మాట్లాడారో. వదినకి ఆ రోజే తెలిసి ఉంటుంది. ఆవిడకేం కావాలో అడిగిన ఒక్క మనిషినీ గేటు దగ్గర నుంచే పంపించేశాను నేను.

సినిమా చివర్లో, చాలా ఏళ్ళ తర్వాత ఆ రేవులోకే పడవ వస్తుంది. అతను దిగుతాడు. పక్కన భార్య ఉంటుంది. పొగరంతా పోయిన ఆ దొరకూతురు జనంలో నిలబడి చూస్తుంది. అంతే. అయిపోయింది.

వదిన చాలాసేపు ఆ నల్లటి తెర వంకే చూస్తూ కూర్చుంది. తర్వాత నాతో అంది. నాతో కూడా కాదేమో.

"ఆ పిల్ల కావాలని వెళ్ళలేదు. పోగొట్టుకుంది. నేను వెళ్దామని చీర తీసి పెట్టుకున్నాను కదే. మరి ఆయన ఒక్క మాటైనా చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయారో... నాలో ఏం చూసి వద్దనుకున్నారో అని చాలా ఏళ్ళు అనుకున్నాను అమ్మాయ్. అద్దంలో చూసుకునేదాన్ని. ఏముంది నాలో అంత వద్దనుకునేట్టు అని."

అప్పుడు చెప్పాల్సింది. గొంతులోకి వచ్చింది కూడా. ఆవిడ నా వంక చూసింది, జవాబు కోసం కాదు, ఊరికే చూసింది.

"పాత సంగతులు ఎందుకులే వదినా ఇప్పుడు" అన్నాను.

"అవున్లే" అని లేచి వెళ్ళి, కుక్కర్ పెట్టింది.

నేను ఆవిడ పెళ్ళి ఒక్కటే పాడుచేశాననుకునేదాన్ని అప్పటిదాకా. అది కాదు. ఒక మనిషి తన మొహం తనకే నచ్చకుండా ఇన్నేళ్ళు అద్దం ముందు నిలబడేట్టు చేశాను. ఇది తెలిశాక కూడా నోరు విప్పలేదు. మొదటిసారి భయపడ్డాను అనుకుందాం. ఇప్పుడు ఎవరికి భయపడుతున్నాను? అత్తగారు లేరు. ఊళ్ళో ఇల్లు లేదు. కులం పేరెత్తి నిలదీసేవాళ్ళెవరూ లేరు.

ఇప్పుడు చెప్తే ఆవిడ మనసు విరిగిపోతుంది, ఈ వయసులో ఎందుకు ఆ బాధ, అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. వినడానికి బాగుంటుంది. కానీ అడుగున ఉన్నది అది కాదు. చెప్తే వదిన వెళ్ళిపోతుంది. నాకు మోకాళ్ళ నొప్పులు. వంటిల్లు ఆవిడ చేతిలో ఉంది. పిల్లలకి ఆవిడంటే ప్రాణం, నిజం తెలిస్తే నా మొహం చూడరు. చూశారా, మళ్ళీ అదే. వదిన వెళ్ళిపోతే నాకేమవుతుంది? హాస్టల్ మంచం మీద కూర్చుని అడుక్కున్న ప్రశ్నే. చదువు వచ్చింది, జుట్టు నెరిసింది, ప్రశ్న మాత్రం మారలేదు. నేను మారలేదు.

క్షమించమని ఆవిణ్ణి అడిగే ధైర్యం నాకు లేదు. మిమ్మల్ని అడిగే హక్కు లేదు. క్షమించడానికి మీరెవరు, నిజానికి? దేవుణ్ణి అడగొచ్చు, కానీ ఆయనకి నేను చేసిందేమీ లేదు.

ఇప్పుడు మధ్యాహ్నం. వదిన పక్క గదిలో బట్టలు మడతపెడుతోంది. ఇందాక గుమ్మంలోకి వచ్చి "ఏం రాస్తున్నావే అంతసేపటి నుంచి?" అంది. కాలేజీ పని అన్నాను. సరేనని వెళ్ళింది. ఆవిడ నా మాట ఎప్పుడూ నమ్ముతుంది.

ఆవిడ ముందు అనలేని మాట ఇక్కడైనా ఒకసారి పూర్తిగా రాయనివ్వండి. నా చేత్తో ఎప్పుడూ రాయలేదు. నా నోటితో గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అనలేదు.

వదినా, ఆయన వెళ్ళిపోలేదు. ఆ ఆదివారం వచ్చారు. కొత్త చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డారు. నా వెనక నీకోసం చూశారు. అత్తయ్యని కూడా తీసుకెళ్దామనుకున్నారు. నీలో వద్దనుకోవడానికి ఆయనకి ఏమీ కనపడలేదు. అబద్ధం చెప్పింది నేను.